ఆఫీసరు వచ్చిన రోజు పాప ఎక్కడ కూర్చుంటుంది

తిరుత్తణి,
2025 మార్చి 9

అమ్మణ్ణీ ధరణీ,

అత్త ఇంద్రాణి రాసే జాబు. ఇక్కడ నేనూ నా మోకాలినొప్పీ ఇద్దరం బాగున్నాం. మీరు ముగ్గురూ చల్లగా ఉండాలని కొండమీది మురుగయ్యకు పొద్దున్నే దణ్ణం పెట్టుకున్నాను.

ఫోను చేయకుండా జాబు రాస్తున్నానని కోప్పడవద్దు. ఫోను మోగితేనే నా గుండె జారిపోతుంది, ఎవరికేమయిందో అని. చెవిలో పెట్టుకున్నాక సగం వినిపించదు. ఆ వినిపించని సగంలోనే ఏదో చెడ్డ సంగతి ఉందనిపిస్తుంది. జాబయితే నిదానంగా నాలుగుసార్లు చదువుకోవచ్చు. పక్కింటి పళని రోజూ రైల్లో తిరువళ్ళూరు టైలరు కొట్టుకు పోతున్నాడు కదా, వాడి చేతికిస్తే సాయంత్రానికి నీకు చేరుతుంది. జాబుతో మునగాకు కట్ట కూడా పంపాను. ఈ పూటే వండు, రేపటికి పసుపెక్కుతుంది.

మీ ఆయన విమల్ పోయిన వారం వచ్చి ఒక మాట చెప్పి పోయాడు. "మా, పాపను ఒకటో తరగతిలో చేర్చాల. ధరణి బడులకంతా మార్కులేసిన కాగితాలు తెప్పించి చూస్తా ఉండాది" అన్నాడు. బడి పిల్లలకు మార్కులేస్తుంది గానీ బడికి మార్కులేసేదెవర్రా అంటే, ఆఫీసర్లు ఇన్‌స్పెక్షన్‌కొచ్చి వేస్తారన్నాడు. ఇంకేమన్నా అడిగేలోగా అత్తిపట్టు కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుకు టైమయిందని లేచిపోయాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

నువ్వు నా తమ్ముడి కూతురివి, నాకు కోడలివి, డిగ్రీ చదివినదానివి. నేను వంటగదిలో నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని. నీకు చెప్పేంతదాన్ని కాను. కానీ ఇరవయ్యారేళ్లు బడిలో మధ్యాహ్న భోజనం వండిన ఆయాను. ఇన్‌స్పెక్షన్లంటే ఏమిటో పొయ్యి వెనకనుంచి చూశాను. అది ఇప్పుడు రాయను.

పాప సంగతే నా బెంగ. ఇంట్లో గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. గడప దాటితే ఒక్క మాట రాదు. బాల్వాడిలో ఒక సంవత్సరమంతా నోరు తెరవలేదంటివి. చెవులు బాగున్నాయి, తనంతట తనే మాట్లాడుతుందని డాక్టరు చెప్పాడులే. కానీ బడిలో దాహమేస్తే ఎవరినడుగుతుంది? రోడ్డు దాటాలా? దొడ్డికి తలుపుందా, తలుపుకు గడియ ఉందా? ఇవన్నీ ఆ కాగితాల్లో రాశారా?

నన్ను అడగాల్సిన పని లేకపోయినా నువ్వు అన్నీ అడుగుతావు. అది తలుచుకుంటే కళ్లు నిండుతాయి. మా అత్త నన్ను ఉప్పెంత వేయాలో కూడా అడగనివ్వలేదు.

గ్యాసు కట్టేసి పడుకో.
నీ అత్త ఇంద్రాణి


తిరువళ్ళూరు,
2025 మార్చి 16

అత్తా,

మునగాకు ఆ పూటే వండాను. తనుశ్రీ పాప రెండుసార్లు పెట్టించుకుంది. "అవ్వ చెట్టు ఆకా?" అని అడిగి, అవునన్నాక తిన్నది.

నువ్వు అడిగినవి చాలావరకు కాగితాల్లో ఉన్నాయి. మా ఇంటినుంచి నడిచిపోయే దూరంలో మూడు బడులున్నాయి. ఒకటి పెద్ద బోర్డు ఉన్న ప్రైవేటు బడి. బస్సు, టై, బూట్లు అన్నీ ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చూపించండి అంటే "ప్రాస్పెక్టస్ తీసుకోండి మేడం" అని రంగుల పుస్తకం ఇచ్చారు. అందులో నవ్వే పిల్లల బొమ్మలే గానీ ఒక్క అంకె లేదు. మిగతావి రెండూ గవర్నమెంటు బడులు. మార్కెట్టు వెనకాల ఒకటి, నీళ్ల ట్యాంకు కింద ఒకటి. వాటి రిపోర్టులు తల్లిదండ్రుల కమిటీ వాళ్ల దగ్గర ఉంటే ఫోనులో ఫోటో తీసుకున్నాను. ఆఫీసరు ఒక్కో విషయానికి ఒకటి, రెండు, మూడు అని అంకె వేస్తారు. తమిళంలో ఉంటుంది కాబట్టి నీకోసం తెలుగులో ఎత్తి రాస్తున్నాను.

మార్కెట్టు బడి: హాజరు 3, చదవడం 3, నోటితో చెప్పడం 3, లెక్కలు 3, తాగునీళ్లు 3, మరుగుదొడ్డి 2.

ట్యాంకు బడి: హాజరు 2, చదవడం 2, నోటితో చెప్పడం 1, లెక్కలు 1, తాగునీళ్లు 1, మరుగుదొడ్డి 1.

అంకెలు చూస్తే నీకే అర్థమవుతుంది. నేను ముందుగా ఏమీ చెప్పను. నువ్వు చూసి నీ మనసులో మాట రాయి. ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అంటారు. నా ఇష్టమేమిటో నాకే తెలియనప్పుడు ఆ మాట ఎందుకు పనికొస్తుంది చెప్పు. నేను తప్పు బడిలో వేస్తే పాప మొత్తానికే మూగదయిపోతుందేమోనని భయంగా ఉంది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మోకాలికి తైలం పంపుతున్నాను. దాచిపెట్టుకోకుండా రాసుకో.

ధరణి


తిరుత్తణి,
2025 మార్చి 20

అమ్మణ్ణీ,

తైలం అందింది. రాసుకుంటున్నాను. సీసా మూత గట్టిగా ఉంటే పళని చేత తీయించాను, వాడు కూడా కొంచెం రాసుకున్నాడు.

నీ కాగితం కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. చదవగానే నా మనసు తేలికపడింది. ఇందులో ఆలోచించేదేముంది? మన పాపకు ఒకట్ల బడే సరి. మూడ్ల బడి మన పాపకు వద్దే వద్దు. ఆ బడి గడప తొక్కనీయవద్దు. అంకెలు చూడగానే నాకు తెలిసిపోయింది. ఈ ఒక్క విషయంలో నా మాట విను, ఇంకేదీ అడగను.

ట్యాంకు అన్నావు కదా, ఆ నీళ్ల ట్యాంకు కాళ్లు గట్టిగా ఉన్నాయా? పెచ్చులూడుతోందా? పోయి కింద నిలబడి పైకి చూసి రాయి. నిలబడవద్దు, దూరంనుంచి చూడు.

నీ అత్త


తిరువళ్ళూరు,
2025 మార్చి 24

అత్తా,

ట్యాంకు గట్టిగానే ఉంది.

నీ జాబు మూడుసార్లు చదివాను. ఒకటి అంటే అన్నిటికన్నా తక్కువ. మూడు అంటే బాగుందని. ఇది తెలియక రాశావా, తెలిసే రాశావా అని రెండు రోజులు ఆలోచించాను. "మన పాపకు ఒకట్ల బడే సరి" అన్నావు. మాట్లాడని పిల్లకు అంతకన్నా మంచి బడి ఎందుకు అనుకున్నావా? ఊళ్లో వాళ్లు అంటే పడతాను. నువ్వు అంటావనుకోలేదు.

ధరణి


తిరుత్తణి,
2025 మార్చి 26

ధరణీ, తల్లీ,

నీ జాబు చదివి అట్లనే గడపలో కూర్చుండిపోయాను. పళని చూసి "ఏమాయె పెద్దమ్మా, ఎవరన్నా పోయినారా?" అని అడిగాడు. నా తెలివి పోయిందిరా అన్నాను.

మా వంటగదిలో ఒక రిజిస్టరు ఉండేది. ఆఫీసరు వచ్చినప్పుడల్లా అందులో ఒక అంకె వేసిపోయేవాడు. అది తప్పుల లెక్క. బియ్యంలో రాయి తగిలితే ఒకటి. గుండిగకు మూత లేకపోతే రెండు. నా తలకు గుడ్డ లేకపోతే మూడు. మూడు పడిందంటే నెల రోజులు హెడ్మాస్టరు నా ముఖం చూసేవాడు కాదు. ఇరవయ్యారేళ్లు ఆ అంకెకే భయపడ్డాను తల్లీ. అందుకే నీ కాగితంలో వరసగా మూడ్లు చూసేసరికి, ఇన్ని తప్పులున్న బడికి పాపను ఎట్ల పంపేది అని అట్ల రాసేశాను. అంతే. పాపను తక్కువ చేసే మాట నా నోట వస్తే ఆ నోరు పడిపోనీ.

క్షమించమని అడుగుతున్నాను. అడిగాను కాబట్టి, మొదటి జాబులో రాయనన్నది కూడా రాస్తాను. ఇది విమల్‌కు తెలియదు.

మునిరాజ్ సారని మా హెడ్మాస్టరు. చెడ్డవాడు కాడు. పిల్లలు భోజనం చేసి పోయాక నన్ను కూర్చోబెట్టి, చేటలో బియ్యం పరిచి, వేలితో అ ఆలు దిద్దించినవాడు. ఈ జాబు ఆయన పెట్టిన భిక్షే. కానీ ఆఫీసరంటే ఆయనకు చలిజ్వరం. ఇన్‌స్పెక్షన్ అనగానే ముగ్గులేయించేవాడు, పక్క బడినుంచి పటాలు అరువు తెచ్చేవాడు. మీ ఆయన్ను లేపి పదమూడో ఎక్కం చెప్పించేవాడు. మూడేళ్లు వరసగా వాడే చెప్పాడు. చివరి ఏడు ఆఫీసరు "ఏమయ్యా, మళ్ళీ నువ్వేనా?" అని నవ్వాడు.

సరిగా చదవని పిల్లల్నీ, మాట్లాడని పిల్లల్నీ ఆ రోజు నా దగ్గరికి పంపేవాడు. "ఇంద్రాణమ్మా, వీళ్లను బియ్యం గదిలో కూర్చోబెట్టు. రాళ్లేరతారు" అనేవాడు. తలుపు దగ్గరికి వేసేదాన్ని నేనే. వాళ్లలో వల్లి అని ఒక పిల్ల ఉండేది. తరగతిలో ఒక్క మాట మాట్లాడదు. బియ్యం గదిలో మాత్రం నా కొంగు పట్టుకుని మెల్లగా అడిగేది, "ఆయా, ఆఫీసరు పోయినాడా?" అని. ఇంకా లేదంటే మళ్ళీ తల వంచుకుని రాళ్లేరేది. ఆ బడికి ఆ ఏడు మంచి రిపోర్టు వచ్చింది. వల్లి మూడో తరగతితో మానేసింది. ఇప్పుడు యాడుందో తెలియదు.

నీ కాగితం గొప్పదే తల్లీ. నువ్వు తిరిగి తిరిగి తెచ్చావు, నేను కాదనను. కానీ బియ్యం గదిలో ఉన్నవాళ్లు ఆ అంకెలో ఉండరు. అందుకని ఒకటి చెయ్యి. మూడు బడులకూ పోయి ఒకటే అడుగు. ఆఫీసరు వచ్చిన రోజు మాట్లాడని పిల్లలు యాడ కూర్చుంటారు అని. వాళ్లేం చెప్పారో నాకు రాయి. నా మీద కోపం పోకపోయినా రాయి.

నీ అత్త


తిరువళ్ళూరు,
2025 ఏప్రిల్ 12

అత్తా,

కోపం నీ జాబు రెండో పేజీకే పోయింది. మూడో పేజీ చదివి ఏడ్చాను. క్షమించమనే మాట నాకెందుకు రాశావు, నాకు పాపం చుట్టుకోదా? అంకెల సంగతి నేనే ముందు రాసి ఉండాల్సింది.

నువ్వు చెప్పినట్లే మూడు బడులకూ పోయాను. తనుశ్రీని కూడా తీసుకుపోయాను.

పెద్ద బోర్డు బడిలో కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటర్లోనుంచి తల ఎత్తకుండానే చెప్పింది. "ముందు రోజే మెసేజ్ పెడతాం మేడం. అట్లాంటి పిల్లలకు ఆ రోజు లీవు. మీకూ టెన్షన్ ఉండదు."

మార్కెట్టు బడి నిజంగా బాగుంది. గోడలనిండా బొమ్మలు, చేతులు కడుక్కోవడానికి వరసగా కుళాయిలు. అక్కడి టీచరు మంచి మనిషి. "ఆ పిల్లల్ని మిద్దెమీద రూములో డ్రాయింగుకు కూర్చోబెడతామమ్మా, జాలీగా ఉంటారు" అంది. ఆమె నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం నీ బియ్యం గది కళ్ల ముందుకొచ్చింది. నువ్వు రాయకపోయి ఉంటే ఆ మాటకు సంతోషపడి అప్పుడే ఫారం నింపేసేదాన్ని.

ట్యాంకు బడిలో నలభై ఒక్క మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మేం పోయేసరికి హెడ్ టీచరు చంద్రావతి గారు కారే కుళాయికి గుడ్డ చుడుతున్నారు. నేను పాపతో తెలుగులో మాట్లాడటం విని తెలుగులోనే పలకరించారు. నా ప్రశ్న ఆవిడకు అర్థం కాలేదు. రెండుసార్లు అడిగాను.

"యాడ కూర్చుంటారా? వాళ్ల చోట్లోనే. ఎందుకమ్మా, యాడికి పోవాల?" అన్నారు.

నోటితో చెప్పడంలో ఒకటి ఎందుకు వచ్చిందని అడిగాను. "రెండో తరగతిలో ఇద్దరు నోరు తెరవరు. ఆఫీసరు వాళ్లనే అడిగినారు. వాళ్లు చెప్పలా. ఒకటేసినారు. ఉండేది ఉన్నట్లే కదా వేసినారు" అన్నారు. ఆ మాటలో సిగ్గూ లేదు, గొప్పా లేదు. పాప పేరు కూడా ఆవిడ అడగలేదు. ఒక సుద్దముక్క చేతిలో పెట్టి మళ్ళీ కుళాయి దగ్గరికి పోయారు. పాప అరుగుమీద కూర్చుని సుద్ద అయిపోయేదాకా గీసింది.

లెక్కలు అక్కడ తక్కువే. అవి నేను ఇంట్లో చెప్పుకుంటాను. ఫారం నింపి ఇచ్చి వచ్చాను. ఒకట్ల బడే సరి అన్నావు కదా.

నువ్వు అడుగుతావని ముందే చూశాను. మరుగుదొడ్డికి తలుపుంది, గడియ లేదు. ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట కాపలా నిలబడుతుంది.

ధరణి


తిరుత్తణి,
2025 ఏప్రిల్ 17

అమ్మణ్ణీ,

నీ జాబు దేవుడి పటం ముందు పెట్టి తీశాను. ఆ చంద్రావతి టీచరు ఏ తల్లి కన్న బిడ్డో, ఆ కడుపు చల్లగా ఉండాలి. నీ కడుపు కూడా. నా తప్పును నెత్తినేసుకుని, నా మాటను పట్టుకుని మూడు బడులు తిరిగావు.

కానీ గడియ లేకపోతే ఎట్ల? మన పాప బయట ఉండే పిల్లను "ఉండావా?" అని కూడా అడగదే. ఈ జాబుతో ఒక ఇత్తడి గడియ, ఆరు స్క్రూలు పంపుతున్నాను. తిరుత్తణి బజారులో నాలుగు కొట్లు తిరిగాను. పాప లోపల ఇరుక్కుంటే బయటనుంచి తీసే వీలుండాల అంటే కొట్టువాడు "పెద్దమ్మా, బయటనుంచి తీసేదానికి గడియ ఎందుకు?" అని ఎగతాళి చేశాడు. నాలుగో కొట్టులో అలాంటిదే దొరికింది. బయటనుంచి నాణెం పెట్టి తిప్పితే వస్తుంది. పాప చెయ్యి అందే ఎత్తులో బిగించమను. పెద్ద పిల్లలు వంగుతారులే.

టీచరుకు కోపమొస్తుందేమో. ముసలిది వెర్రిదని చెప్పు.

నీ అత్త


తిరుత్తణి,
2025 జూన్ 14

ధరణీ,

రెండో తేదీ బడి తెరిచారు. పన్నెండు రోజులైంది, జాబు లేదు. పాపకు ఒంట్లో బాగుందా? టీచరు గడియ వద్దన్నదా? బడి మార్చేశారా? నాకు చెప్పకుండా దాస్తున్నారా? నిజం రాయి, నేను తట్టుకుంటాను.

అత్త


తిరువళ్ళూరు,
2025 జూన్ 16

అత్తా,

నాలుగో తేదీనే రాశాను. పళనిని నిలదీస్తే, ఎవరిదో రవికెల మూటలో కలిసిపోయిందని ఇప్పుడు నాలుక కరుచుకున్నాడు. ఆ రవికెలు పొన్నేరికి పోయాయంట. మన జాబు అక్కడెవరు చదువుతున్నారో.

పాప బాగుంది. బడికి ఏడవకుండా పోతోంది. మాట్లాడటం లేదు. గడియ బిగించారు. టీచరు ఏమీ అనలేదు, పనివాడు ఆలస్యం చేస్తే ఆవిడే స్క్రూడ్రైవరు పట్టుకున్నారు. ఆ గడియ ఎవరిదో పాపకు నేను చెప్పలేదు. తనే ఇంటికొచ్చి "బడిలో అవ్వ గడియ ఉండాది" అంది. నువ్వు పంపిన రోజు మూట విప్పుతుంటే చూసిందేమో.

ధరణి


తిరువళ్ళూరు,
2025 నవంబర్ 21

అత్తా,

నిన్న ఇన్‌స్పెక్షన్ జరిగింది. ఇప్పుడు నేనూ తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను కాబట్టి నన్నూ రమ్మన్నారు. వెనక బెంచీలో కూర్చుని అంతా చూశాను.

ముగ్గు లేదు. పటాలు అరువు తేలేదు. ఆఫీసరమ్మ ఒకటో తరగతిలోకి వచ్చేసరికి పాప రెండో వరసలో తన చోట్లో ఉంది. ఆవిడ ఒక్కొక్కరికీ ఒక బొమ్మ చూపిస్తూ వచ్చారు. పాప ముందు నెమలి బొమ్మ పెట్టారు. "ఇది ఏమిటి?" అన్నారు. పాప బొమ్మను చూసింది, ఆఫీసరమ్మను చూసింది, తల వంచుకుంది. పక్క పిల్ల చెప్పబోతే చంద్రావతి టీచరు వేలు చూపించి ఆపారు.

"ఆమెకు తెలుసు మేడం. టైము కావాల" అన్నారు. అంతే. ఇంకో పిల్లను చూపించలేదు, పాప గీసిన బొమ్మల నోటు తెచ్చి పెట్టలేదు. ఆఫీసరమ్మ కాసేపు ఆగి, పాప తలమీద చెయ్యి వేసి, కాగితంలో ఏదో రాసుకుని ముందుకు పోయారు.

పోయేముందు అంకెలు చదివి వినిపించారు. లెక్కలు రెండయింది. తాగునీళ్లు ఒకటే. మరుగుదొడ్డి రెండు. "తలుపుకు లోపల మంచి గడియ ఉంది" అని పక్కన రాశారు, నేను కళ్లారా చూశాను. నోటితో చెప్పడం మళ్ళీ ఒకటే. ఈసారి అందులో మన పాప ఉంది. నేను టీచరు దగ్గరికి పోయి, మావల్ల మీకు తగ్గింది అన్నాను. "ఉండే పిల్లల్నే కదమ్మా లెక్కపెట్టేది" అని, పిల్లలకు అన్నం టైమయిందని పోయారు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను, కానీ సాయంత్రం ఇంకోటి జరిగింది. బడినుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ పాప నన్ను అడిగింది. "మా, అది నెమిలి. ఆఫీసరమ్మ మళ్ళీ ఎప్పుడొస్తాది?"

ధరణి


తిరుత్తణి,
2025 నవంబర్ 24

అమ్మణ్ణీ ధరణీ,

జాబు రెండుసార్లు చదివాను. పళని వచ్చి "పెద్దమ్మా, ఈసారి సరిగ్గానే తెచ్చిచ్చినా కదా, ఎందుకు ఏడుస్తా ఉండావు?" అన్నాడు. వాడికి ఒక లోటా మజ్జిగ ఇచ్చాను.

ఆఫీసరు పోయినాడా అని అడిగిన పిల్లకు నేను తలుపు వేశాను. మళ్ళీ ఎప్పుడొస్తాది అని అడిగే పిల్లను నువ్వు, ఆ టీచరమ్మ నాకు చూపించారు. ఈ సంగతి మునిరాజ్ సారు ఉంటే ఆయనకూ చెప్పేదాన్ని. ఆయన కోప్పడేవాడు కాదు, ఊరికే కళ్లద్దాలు తుడుచుకునేవాడు.

ఆ ఒకటి వేసిన కాగితం నాకు ఒక కాపీ తీసి పంపు. తమిళంలోనే పంపు, చదవక్కర్లేదు. ఆ ఒకటిలో మన పాప ఉందన్నావు కదా, అది యాడుందో ఒక గీత గీసి చూపించు చాలు. నా జీవితంలో ఇన్‌స్పెక్షన్ కాగితం చూసి దణ్ణం పెట్టడం ఇదే మొదటిసారి.

టీచరమ్మకు ఈ జాబుతో పంపుతున్న వేరుశనగలు ఇవ్వు. వేయించినవే, కానీ మళ్ళీ ఒకసారి వేయించి ఇవ్వు, రైల్లో మెత్తబడతాయి. చలి మొదలైంది, పాప చెవులకు గుడ్డ కట్టు. గడియకు రెండు చుక్కల కొబ్బరినూనె వేయమను, బిగుసుకుంటే పిల్లలకు తిప్పడం కష్టం.

పాపకు చెప్పు, ఆఫీసరమ్మ వచ్చే సంవత్సరం వస్తుంది. అంతవరకు నెమలిని మరిచిపోకుండా అవ్వకు చెప్తూ ఉండమను. ఈసారి ఫోనులోనే చెప్పమను. మోగితే ఎత్తుతాను.

నీ అత్త ఇంద్రాణి